యాంటీవైరస్ ఆఫ్ చెయ్ అన్నా!

నెలకు కనీసం నాలుగు ఫోన్లు వస్తాయి నాకు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అంటే మా వాళ్ళ లెక్కలో ప్రింటర్ రిపేర్ నుంచి ఏటీఎం కార్డు బ్లాక్ దాకా అన్నీ తెలిసినవాడు. నేను చేసేది సర్వర్ల పని, ప్రింటర్ అంటే నాకే భయం అని చెప్తే ఎవరూ నమ్మరు. అందుకే చెప్పడం మానేశా.

ఈసారి ఫోన్ మిడుతూరు నుంచి. మా పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్నకు అక్కడ చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ ఉంది. ఒక కంప్యూటర్, రెండు ప్రింటర్లు, ఒక లామినేషన్ మిషను. షాపు బోర్డు మీద ఇప్పటికీ ‘కర్నూలు జిల్లా’ అనే ఉంటుంది. నంద్యాల జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్‌లో. బోర్డు మార్చొచ్చు కదా అంటే, “జిల్లా మారితే నాకేమొచ్చె, బోర్డు మారిస్తే దుడ్లు పోతాయి” అంటాడు.

సాయంత్రం ఆరున్నర. నేను మీటింగ్‌లోకి పోబోతున్నా.

“రేయ్ తమ్ముడూ, ఎక్సెల్ సేవ్ కావట్ల్యా. ‘డాక్యుమెంట్ నాట్ సేవ్డ్’ అంటాంది. పొదుపు సంఘం అక్కోళ్ళు మధ్యాన్నం నుంచి కూచున్నారు. రేపు పొద్దున బ్యాంకులో ఇయ్యల్ల. ఎట్ల చేద్దాం?”

పది మంది సభ్యులు, ఎవరి పొదుపు ఎంత, ఎవరి అప్పు ఎంత మిగిలింది అన్న లిస్టు అది. దానికోసం ఇద్దరు అక్కలు మిరపకాయ కోతకు పోకుండా ఒక రోజు కూలి వదులుకుని వచ్చారట. టైప్ చేయడం అయిపోయింది. సేవ్ ఒక్కటే కావడం లేదు. కరెంటు పోతే మొత్తం మళ్ళీ మొదలు.

నేను ఆలోచించింది ఐదు సెకన్లు. “యాంటీవైరస్ ఆఫ్ చెయ్ అన్నా. ఇప్పుడు సేవ్ కొట్టు.”

సేవ్ అయింది. “నువ్వు దేవుడివి రా” అన్నాడు. నేనూ కాస్త అట్లాగే ఫీలయ్యి మీటింగ్‌లోకి పోయా.

చెప్పాల్సిన రెండో ముక్క మాత్రం చెప్పలేదు. “పని అయినాక మళ్ళీ ఆన్ చెయ్” అన్న ముక్క. యాంటీవైరస్ ఆఫ్ చేసేటప్పుడు అది అడుగుతుంది: పది నిమిషాలా, గంటా, రీస్టార్ట్ అయ్యేదాకానా, శాశ్వతంగానా అని. అన్న అన్నిటికన్నా కింద ఉన్నది నొక్కాడు. శాశ్వతంగా.

నాలుగు రోజుల తర్వాత

మళ్ళీ ఫోన్. ఈసారి గొంతు వేరేగా ఉంది.

“పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోతున్నాయి రా. అందరివీ.”

నెట్ సెంటర్ అంటే తెలుసు కదా. రోజుకు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు వస్తాయో లెక్క ఉండదు. ఏదో ఒకదాంట్లోంచి షార్ట్‌కట్ వైరస్ అన్న కంప్యూటర్‌లోకి ఎక్కింది. అక్కణ్ణుంచి తర్వాత వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌లోకి దిగింది. ఆపేవాడు లేడు. ఆపేవాణ్ణి నేనే ఇంటికి పంపించేశా.

వాళ్ళలో ఒకాయన, తండ్రి పెద్ద దినానికి ఫ్లెక్సీ వేయించడానికి ఫోటోలు తెచ్చుకున్నాడు. పాత ఫోటోలు, ఎవరెవరి దగ్గరో అడిగి ఒకే పెన్‌డ్రైవ్‌లో పోగు చేసుకున్నవి. వేరే కాపీ లేదు. షాపులో పెట్టగానే ఫోల్డర్ పోయి షార్ట్‌కట్ మిగిలింది. ఫోటోలు పోయాయనుకున్నాడు. 

“ఆయప్ప ఏం తిట్టలేదు రా. ఊరికే నిలబడుకున్నాడు. నాకు మొగం చూడబుద్ధి కాలేదు” అన్నాడు అన్న.

శనివారం రాత్రి బస్సెక్కా. కర్నూలులో మారి, నందికొట్కూరులో దిగి, ఆటోలో మిడుతూరు. ఆదివారం పొద్దున్నే షాపు షట్టర్ సగం ఎత్తి కూర్చున్నాం.

మంచి సంగతి ముందు చెప్తా. ఫోటోలు పోలేదు. షార్ట్‌కట్ వైరస్ మామూలుగా ఫైళ్ళను చెరపదు. అసలు ఫోల్డర్‌ను దాచేసి (హిడెన్, సిస్టమ్ అనే రెండు గుర్తులు వేసి) అదే పేరుతో ఒక షార్ట్‌కట్ పెడుతుంది. విండోస్ 7 నుంచి పెన్‌డ్రైవ్ పెట్టగానే ప్రోగ్రామ్ దానంతట అది నడవడం ఆపేశారు కాబట్టి, మనతోనే డబుల్ క్లిక్ చేయించుకోవడానికి ఈ వేషం. మన ఫోల్డరే కదా అని నొక్కుతాం, అది నడుస్తుంది. ముందు కంప్యూటర్‌ను శుభ్రం చేసుకుని, తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్ళు, సిస్టమ్ ఫైళ్ళు చూపించమని పెడితే అసలు ఫోల్డర్ వెలిసిపోయిన రంగులో కనిపిస్తుంది. ఆట్రిబ్ కమాండ్‌తో ఆ గుర్తులు తీసేస్తే మామూలు అవుతుంది.

ఆయన వచ్చి ఫోటోలు చూసుకుని పోయాడు. ఫ్లెక్సీకి అన్న డబ్బులు తీసుకోలేదు. మిగిలిన వాళ్ళకు గుర్తున్నంత వరకు ఒక్కొక్కరికి ఫోన్ చేసి “మీ పెన్‌డ్రైవ్ తీసుకురండి, మా దగ్గర వైరస్ ఎక్కింది” అని చెప్పాడు. షాపు నడుపుకునేవాడికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో పక్కన కూర్చుని విన్నా. తప్పు చేసింది నేను. ఫోన్లు చేసింది ఆయన.

అందుకే ఈ వారం ఇది రాస్తున్నా. “యాంటీవైరస్ ఆఫ్ చెయ్” అని మీరూ ఎవరికో చెప్పే ఉంటారు.

అసలు ఎక్సెల్ ఎందుకు సేవ్ కాలేదు?

మనం సేవ్ నొక్కితే ఎక్సెల్ పాత ఫైలు మీదే రాసేస్తుంది అనుకుంటాం. కాదు. అదే ఫోల్డర్‌లో ముందు ఒక తాత్కాలిక ఫైలు తయారు చేసుకుంటుంది. అంతా అందులో రాస్తుంది. రాయడం పూర్తయ్యాక పాత ఫైలును పక్కకు తప్పించి, కొత్తదానికి అసలు పేరు పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాత ఫైలైనా మిగలాలని ఈ జాగ్రత్త. వర్డ్ కూడా దాదాపు ఇదే పద్ధతి.

ఇప్పుడు యాంటీవైరస్ వైపు నుంచి చూడండి. దాని పనే కొత్త ఫైలు పుట్టగానే తెరిచి చూడటం. ఎక్సెల్ తాత్కాలిక ఫైలు పుట్టిస్తుంది. యాంటీవైరస్ దాన్ని చేతిలోకి తీసుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఎక్సెల్ దాని పేరు మార్చబోతుంది. “ఒకరి చేతిలో ఉంది, ఇవ్వను” అంటుంది విండోస్. ఎక్సెల్ మనకు చెప్పేది మాత్రం ‘డాక్యుమెంట్ నాట్ సేవ్డ్’ అని. వర్డ్ అయితే ఫైల్ పర్మిషన్ ఎర్రర్ అంటుంది. యాంటీవైరస్ పేరు ఎక్కడా రాదు.

మామూలుగా ఈ చూడటం కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది, గొడవ ఉండదు. కంప్యూటర్ నెమ్మదిగా ఉన్నప్పుడు, లేదా ఒకే ఫైలును ఇద్దరు కాపలాదారులు వంతులేసుకుని చూస్తున్నప్పుడు వస్తుంది చిక్కు.

దీనికి ఒక గుర్తు ఉంటుంది. ఆ ఫోల్డర్‌లో అంకెలు, అక్షరాలు కలిసిన ఎనిమిదక్షరాల పేరుతో, ఎక్స్‌టెన్షన్ ఏమీ లేని ఫైళ్ళు మిగిలిపోతాయి. పేరు మారకుండా ఆగిపోయిన తాత్కాలిక ఫైళ్ళు అవి. అన్న డి డ్రైవ్‌లో సంఘం ఫోల్డర్ తెరిస్తే అలాంటివి పదకొండు ఉన్నాయి. అంటే ఆ సాయంత్రం అన్న పదకొండు సార్లు సేవ్ కొట్టి, ఆ తర్వాతే నాకు ఫోన్ చేశాడు.

వీళ్ళ గొడవ పాతదే

ఆఫీస్ ఫైళ్ళంటే యాంటీవైరస్‌కు అనుమానం ఊరికే రాలేదు. వర్డ్ ఫైలు లోపల మాక్రో అనే చిన్న ప్రోగ్రామ్ దాచొచ్చు. 1995లో ‘కాన్సెప్ట్’ అనే వైరస్ ఆ దారిలోనే వ్యాపించింది. 1999 మార్చిలో ‘మెలిస్సా’ వర్డ్ ఫైల్లో కూర్చుని, తెరిచినవాళ్ళ అడ్రస్ బుక్‌లోంచి యాభై మందికి తనను తానే మెయిల్ చేసుకుంది. ఆ దెబ్బలు తిన్నప్పటి నుంచి వర్డ్, ఎక్సెల్ ఏం చేసినా ఒక కన్ను అటే.

ఒక్కోసారి ఆ కన్ను తప్పు కూడా చూస్తుంది. 2006 మార్చి 10న మెకాఫీ అప్‌డేట్ ఒకటి (నంబర్ 4715) వెళ్ళింది. దాని దృష్టిలో ఎక్సెలే వైరస్. చాలా కంపెనీల్లో ఎక్సెల్ ప్రోగ్రామ్‌ను తీసుకెళ్ళి క్వారంటైన్‌లో పెట్టేసింది. సరిచేసిన 4716 అదే రోజు వచ్చింది.

మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్‌కైనా మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో పడుతుందనుకోకండి. 2021 నవంబర్ 30న కంపెనీల్లో వాడే డిఫెండర్, మామూలు ఆఫీస్ ఫైళ్ళను ‘ఎమోటెట్’ అనుకుని తెరవనివ్వలేదు. ఆ నెలలోనే నిజం ఎమోటెట్ మళ్ళీ తలెత్తింది. పాము కనబడిన వారం తాడును చూసినా ఉలిక్కిపడటం లాంటిది. 2023 జనవరి 13న ఇంకో రకం. ఆఫీస్ మాక్రోలను కట్టడి చేసే ఒక రూల్ అడ్డం తిరిగి, స్టార్ట్ మెనూలో, టాస్క్‌బార్‌లో ఉన్న షార్ట్‌కట్లను చెరిపేసింది. ప్రోగ్రామ్‌లు ఎక్కడివక్కడే ఉన్నాయి, వర్డ్, ఎక్సెల్ గుర్తులే మాయం. శుక్రవారం పూట ఆఫీసుకొచ్చి కంప్యూటర్ తెరిచినవాళ్ళ పరిస్థితి ఊహించుకోండి.

అన్నిటికన్నా పెద్దది మీకు గుర్తుండే ఉంటుంది. 2024 జూలై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రయిక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ మన టైము ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు ఒక చిన్న ఫైలు పంపింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. తప్పు ఫైలును గంటంబావులో వెనక్కి తీసుకున్నా, అప్పటికే పడిపోయిన వాటిలో చాలావాటిని మనుషులు ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరిచి సరిచేయాల్సి వచ్చింది.

ఇవన్నీ చూసి “అయితే కాపలాదారే దండగ” అనిపిస్తే, 2017 మే గుర్తు చేసుకోండి. వాన్నాక్రై వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని జిల్లాల్లో దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్ళు బతికిపోయారు.

ఆదివారం మేం చేసింది, వరసగా

మీ కంప్యూటర్‌లో వర్డ్, ఎక్సెల్ మొరాయిస్తే ఇదే వరసలో పొండి. వరస ముఖ్యం. ఆఫ్ చేయడం మొదటి మెట్టు కాదు.

1. ఎర్రర్‌ను ఫోన్‌తో ఫోటో తీయండి. “ఏదో వచ్చింది, ఓకే కొట్టేశా” అంటే ఎవరూ సాయం చేయలేరు. టైము కూడా రాసుకోండి. ఫైలు ముఖ్యమైనదైతే ఆ కిటికీ మూయకుండా, సేవ్ యాజ్ నొక్కి వేరే పేరుతో, వేరే ఫోల్డర్‌లో పెట్టి చూడండి. అదీ కాకపోతే మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, కొత్త ఫైల్లో పేస్ట్ చేయండి. నిజానికి ఆ సాయంత్రం నేను అన్నకు చెప్పాల్సింది ఇదే. రెండు నిమిషాల పని. దేన్నీ ఆఫ్ చేయక్కర్లేదు.

2. యాంటీవైరస్ ఏమైనా పట్టుకుందా చూడండి. విండోస్ సెక్యూరిటీలో ‘ప్రొటెక్షన్ హిస్టరీ’ ఉంటుంది. వేరే కంపెనీది అయితే ‘క్వారంటైన్’ అనో ‘రిపోర్ట్స్’ అనో ఉంటుంది. మీరు రాసుకున్న టైముకు అక్కడ ఏదైనా ఉంటే దొంగ దొరికినట్టే. ఏమీ లేకపోతే తప్పు దానిది కాకపోవచ్చు.

3. పసుపు పట్టీ వస్తే అది వేరే కథ. నెట్ నుంచో మెయిల్ నుంచో దిగిన ఫైలుకు విండోస్ ఒక ముద్ర వేస్తుంది. అలాంటి ఫైలును వర్డ్ ‘ప్రొటెక్టెడ్ వ్యూ’లో చూపిస్తుంది, ఎడిట్ చేయనివ్వదు. 2022 నుంచి అలా దిగిన ఫైళ్ళలో మాక్రోలను ఆఫీసే ఆపేస్తోంది. యాంటీవైరస్‌కు దీనితో సంబంధం లేదు, ఆఫ్ చేసినా పోదు. పంపినవాళ్ళు తెలిసినవాళ్ళయితే ఫోన్ చేసి “నువ్వే పంపావా” అని అడిగాకే ఎడిటింగ్ నొక్కండి.

4. సేఫ్ మోడ్‌లో తెరవండి. కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని వర్డ్ గుర్తు మీద నొక్కితే, సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతుంది. అక్కడ బాగా నడిస్తే అనుమానం ‘యాడ్-ఇన్’ మీదకు పోతుంది. కొన్ని యాంటీవైరస్‌లు, పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్లు వర్డ్ లోపల చిన్న ముక్క తగిలించి పెడతాయి. ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌లోకి పోయి ఒక్కొక్కటే టిక్ తీసి చూడండి. అన్నీ ఒకేసారి తీస్తే ఎవరిది తప్పో తెలీదు.

5. ఎన్ని యాంటీవైరస్‌లు ఉన్నాయో లెక్కపెట్టండి. అన్న కంప్యూటర్‌లో రెండు. ఒకటి కంప్యూటర్‌తో వచ్చిన ట్రయల్, గడువు తీరి ఏడాదైంది, అయినా లోపల కూర్చునే ఉంది. రెండోది ఎవరో వేసిన ఉచితం. “రెండుంటే డబుల్ సేఫ్టీ అనుకుంటి” అన్నాడు. ఒకే గేటుకు ఇద్దరు వాచ్‌మెన్‌లను పెడితే ఒకణ్ణి చూసి ఇంకొకడు దొంగ అనుకుంటాడు. ఒక్కటే ఉంచండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ మామూలు వాడకానికి చాలు. బయటి యాంటీవైరస్‌లన్నీ తీసేస్తే అది దానంతట అదే పనిలోకి దిగుతుంది. తీసేటప్పుడు ఆ కంపెనీ వాళ్ళే ఇచ్చే రిమూవల్ టూల్ వాడితే ముక్కలు మిగలవు.

6. అన్నీ అప్‌డేట్ చేయండి. విండోస్, ఆఫీస్, యాంటీవైరస్ మూడూ. పైన చెప్పిన తప్పుల్లో చాలావాటికి మందు తర్వాతి అప్‌డేట్‌లోనే వచ్చింది. విండోస్ 10 వాడేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది.

7. ఆఫ్ చేసి చూడటం ఆఖరి పరీక్ష. వైద్యం కాదు, పరీక్షే. నెట్ తీసేయండి. పెన్‌డ్రైవ్‌లు పీకేయండి. మీరు అప్పుడే తయారు చేసిన ఖాళీ ఫైలుతో సేవ్ చేసి చూడండి. అన్నిటికన్నా తక్కువ టైము ఉన్న ఆప్షన్ ఎంచుకోండి. జవాబు దొరకగానే ఆన్ చేయండి, ఆ తర్వాతే నెట్ పెట్టండి. సేవ్ కాకపోవడానికి కారణం యాంటీవైరసే అని తేలితే దాన్ని అప్‌డేట్ చేయాలి, మార్చాలి, లేదా కంపెనీకి రాయాలి. ఆఫ్‌లో వదిలేయకూడదు.

వెనక తలుపు

ఐదో మెట్టు దగ్గర మాకు ఇంకొకటి దొరికింది. అది అన్న చూపించలేదు, నేను అడగలేదు, కనబడింది.

యాంటీవైరస్‌లో ‘ఎక్స్‌క్లూజన్స్’ అని ఒక లిస్టు ఉంటుంది. వీటిని చూడొద్దు అని మనం చెప్పే లిస్టు. అందులో సి డ్రైవ్ మొత్తం ఉంది. డి డ్రైవ్‌లో సంఘం అక్కల లిస్టును పదకొండు సార్లు అడ్డుకున్న కాపలాదారుకు, విండోస్ ఉండే సి డ్రైవ్ వైపు తల తిప్పొద్దని ఎవరో ముందే చెప్పి పెట్టారు.

ఎవరో కాదు, ఆఫీస్ వేసిన పిల్లోడు. 300 తీసుకుని క్రాక్ చేసిన ఆఫీస్ వేసిపోయాడు. క్రాక్ వీడియోలన్నింటిలో మొదటి మాట ఒకటే కదా, “ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి ఫ్రెండ్స్.” దాన్ని పట్టుకుంటుందని తెలుసు కాబట్టే ఆ మాట. తర్వాతెప్పుడో ఆ యాక్టివేటర్‌ను యాంటీవైరస్ తీసేస్తే ఆఫీస్ ఆగిపోతుంది, మనం “ఈ యాంటీవైరస్ ఆఫీస్‌ను పాడు చేసింది” అని తిడతాం. అలాంటి గొడవల్లో యాంటీవైరస్‌ది తప్పే కాదు.

ఆ లిస్టు ఖాళీ చేశాం. డిఫెండర్‌లో ‘ఆఫ్‌లైన్ స్కాన్’ పెట్టాం. అది విండోస్ మొదలయ్యేలోపే కంప్యూటర్‌ను వెతుకుతుంది, వైరస్‌కు దాక్కునే టైము ఉండదు. పదిహేను నిమిషాలు పట్టింది. షార్ట్‌కట్ వైరస్ పోయింది. దాంతో పాటు యాక్టివేటర్ కూడా పోయింది. ఆఫీస్ పైన ఎర్ర పట్టీ వచ్చేసింది.

“ఇప్పుడు నేనేం చేయల్ల?” అన్నాడు అన్న.

షాపు సొంత పనికి లిబ్రే ఆఫీస్ వేశాం. ఉచితం, క్రాక్ అక్కర్లేదు, యూనికోడ్ తెలుగు బాగానే వస్తుంది. వర్డ్‌లో చేసిన ఫైలు దాంట్లో తెరిస్తే ఒక్కోసారి పేజీ కొంచెం జరుగుతుంది. అలాంటివాటికి బ్రౌజర్‌లో నడిచే ఉచిత వర్డ్ ఉంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉంటే చాలు. మొదటి వారం నన్ను తిట్టుకుంటాడని తెలుసు. తిట్టుకున్నాడు కూడా.

ఎక్స్‌క్లూజన్ నిజంగా అవసరమైతే ఎలా పెట్టాలో చెప్తా. ఒక్క ఫైలుకు, లేదా ఒక్క చిన్న ఫోల్డర్‌కు పెట్టండి. డౌన్‌లోడ్స్‌కు వద్దు, డ్రైవ్ మొత్తానికి వద్దు, వర్డ్ ఫైళ్ళన్నిటికీ వద్దు. వర్డ్ ప్రోగ్రామ్‌నే లిస్టులో పెట్టడం ఇంకా ప్రమాదం, అప్పుడు వర్డ్ తెరిచే ఏ ఫైలునూ డిఫెండర్ అప్పటికప్పుడు చూడదు. కొందరికి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో కొన్ని సాఫ్ట్‌వేర్ల నుంచి సేవ్ కాదు. ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే దాన్ని ఆఫ్ చేయకుండా, మీకు కావలసిన ఆ ఒక్క ప్రోగ్రామ్‌కు అనుమతి ఇవ్వండి.

నెట్ సెంటర్ వాళ్ళకు ఇంకో మాట. అనుమానం ఉన్న ఫైలును వైరస్‌టోటల్ సైట్‌లో వేసి చూడొచ్చు, డజన్ల కొద్దీ యాంటీవైరస్‌లు ఒకేసారి చూసి చెప్తాయి. కానీ అక్కడ వేసిన ఫైలు సెక్యూరిటీ కంపెనీల చేతికి కూడా వెళ్తుంది. ఆధార్, బ్యాంకు వివరాలు ఉన్న జనం ఫైళ్ళను మాత్రం అక్కడ వేయకండి. అవి మనవి కావు.

రెండు వారాల తర్వాత

మళ్ళీ ఫోన్. నేను ముందే భయపడ్డా.

“రేయ్, ఒకాయనకు మెయిల్లో ఏదో బిల్లు వచ్చింది, ప్రింట్ తీయమన్నాడు. ఎక్సెల్ ఫైలు. డిఫెండర్ పట్టుకుంది. ఆయన ‘ఆఫ్ చేసి ఇయ్యి, అర్జెంటు’ అంటాండాడు.”

“నువ్వేమన్నావ్?”

“ఎవరు పంపినారో ఫోన్ చేసి అడుగు పో అన్నా. అడిగినాడు. వాళ్ళు పంపనే పంపలేదంట.”

మానిటర్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాడట అన్న. తేదీ, టైము, ఏ ఎర్రర్, ఏం మార్చాం, మళ్ళీ మామూలు చేశామా లేదా. ఆఖరి గడి పేరు ‘ఆన్ చేసినానా’. నేను ఆ రోజు చెప్పడం మర్చిపోయిన ముక్కకు ఆయన ఒక గడి గీసుకున్నాడు.

సంఘం అక్కోళ్ళ లోను వచ్చిందా అని అడిగా. ఆ మర్నాడు పొద్దున్నే లిస్టు ఇచ్చేశారు, వచ్చిందంట. ఆ ఇద్దరికీ ఆ రోజు కూలి మాత్రం రాలేదు.